మదురై మల్లె: పరిమళం వెనుక చేతులు

2008 ఏప్రిల్‌లో భారత తపాలా శాఖ మల్లెపూవు బొమ్మతో రెండు బిళ్ళలను విడుదల చేసింది. వాటిని చూసిన వారికి మొదట కనిపించేవి తెల్లని రేకులు, పచ్చని ఆకులు. వేలితో మెల్లగా రుద్దితే మాత్రం కాగితం నుండి మల్లె వాసన వచ్చేది. అంతకు ముందు 2006లో చందనానికి, 2007లో గులాబీకి ఇటువంటి గౌరవమే దక్కింది. ఆ తరువాత 2017లో కాఫీ వాసన గల బిళ్ళ కూడా వచ్చింది. కంటికి కనిపించనంత చిన్న గుళికలలో పరిమళ ద్రవ్యాన్ని నింపి, వాటిని కాగితంపై పూతగా పూస్తారు. వేలి రాపిడికి ఆ గుళికలు పగిలి వాసన వెలువడుతుంది. గుళికలన్నీ పగిలిపోయాక మిగిలేది బొమ్మ ఒక్కటే.

ఆ బిళ్ళల సంగతి మా మదరసాలో పిల్లలకు చెప్పినప్పుడు, మల్లెకు సొంత ఊరు ఏదని ఒక విద్యార్థి అడిగాడు. మన తెలుగునాట వేసవి వచ్చిందంటే మల్లె లేని వీధి ఉండదు. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో బుట్టలకొద్దీ దిగే మల్లెలను చూడని వారు అరుదు. మన పెళ్ళిళ్ళలో వరుడి ముఖాన వ్రేలాడే సెహ్రాకు ప్రాణం ఆ మొగ్గలే. అయినా దక్షిణ భారతంలో మల్లె పేరెత్తగానే అందరి వేలూ చూపే దిక్కు ఒకటే. అది మదురై. కొంతకాలం తరువాత ఉపాధ్యాయుల సమావేశం ఒకటి ఆ నగరంలోనే జరగడం, నేను వెళ్ళవలసి రావడం తటస్థించింది. రెండు రోజులు అదనంగా ఉండి, ఆ పూవు పుట్టే నేలను చూసి రావాలని నిశ్చయించుకున్నాను.

పేర్ల ప్రయాణం

అరబీ, ఫారసీ భాషలు చదివిన వారికి మల్లె ఒక పాఠం వంటిది. మనం గుండుమల్లె అని పిలిచే పూవుకు వృక్షశాస్త్రంలో 'జాస్మినం సంబాక్' అని పేరు. ఈ రెండు మాటలూ ముస్లిం ప్రపంచం గుండానే ఐరోపాకు చేరాయి. మొదటిది ఫారసీలోని 'యాసమీన్' నుండి పుట్టింది. మన ఇళ్ళలో ఎందరో ఆడపిల్లలకు ఈ పేరే పెట్టుకుంటాము. రెండవది అరబీలోని 'జంబఖ్' నుండి వచ్చింది. మధ్యయుగాలలో ఆ మాటకు మల్లెనూనె అనే అర్థం ఉండేది. నేటి అరబీలో అదే పదం లిల్లీ పూవును సూచిస్తుంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకు పేర్లు పెడుతూ ఈ 'సంబాక్' అనే మాటను గ్రంథస్థం చేశాడు. పుట్టిన నేల మన ఉపఖండం, పేరు అరబీ, రాసుకున్నది లాటిన్‌లో. ఒక్క పూవు ఇంత దూరం నడిచింది!

అరబ్బులు ఈ పూవును 'ఫుల్' అంటారు. యెమెన్‌లోను, దానికి ఆనుకుని ఉన్న సౌదీ అరేబియాలోని జాజాన్‌లోను పెళ్ళిళ్ళకు, పండుగలకు ఫుల్ దండలు ధరించడం నేటికీ ఉన్న ఆచారం. ఫిలిప్పీన్స్ దేశం 1934లో దీనినే తన జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. ఇండోనేషియా జాతీయ పుష్పాలలో కూడా ఇది ఉంది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ'లో పరిమళ ద్రవ్యాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అందులోని పూల జాబితాలో చమేలీతో పాటు రాయ్‌బేల్ కూడా కనిపిస్తుంది. ఉత్తరాదిన బేలా అనీ, మోగ్రా అనీ, మోతియా అనీ పిలిచేది ఈ మల్లెనే. కన్నౌజ్ పట్టణంలో రాగి డేగలలో నీటితో పూలను మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దింపి తీసే మోతియా అత్తరు మన పెద్దలకు సుపరిచితమే. ఈద్ నమాజుకు వెళ్ళే ముందు చెవి వెనుక పూసుకునే ఆ చిన్న దూదిపింజలో ఎన్నో మల్లెల సారం ఉంటుంది.

నిద్రపోని నగరం

మదురైని తమిళులు 'తూంగా నగరం' అంటారు. నిద్రపోని నగరమని అర్థం. తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. నాయక రాజుల ఏలుబడిలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఈ ప్రాంతానికి వలస వచ్చాయి. వారి సంతతి ఇప్పటికీ ఇళ్ళలో ఒక రకం తెలుగు మాట్లాడుకుంటుంది. 1623 నుండి 1659 వరకు పాలించిన తిరుమల నాయకుని మహలు నేటికీ నిలిచి ఉంది.

మన చరిత్ర విద్యార్థులకు కూడా ఈ ఊరు తెలియాలి. పద్నాలుగవ శతాబ్దంలో కొన్ని దశాబ్దాల పాటు ఇక్కడ ఒక సుల్తాను రాజ్యం ఉండేది. ప్రపంచ యాత్రికుడు ఇబ్నె బతూతా 1340ల కాలంలో ఇక్కడికి వచ్చాడు. అప్పుడు నగరాన్ని ఒక అంటురోగం పట్టి పీడిస్తూ ఉండింది. జనం ఎంత వేగంగా మరణించారో అతడు తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. అంతటి చావును చూసిన ఊరే ఈనాడు పూల ఊరుగా పేరు తెచ్చుకుంది.

నేను దిగిన వసతి కాజిమార్ వీధికి దగ్గరలో ఉంది. శతాబ్దాల చరిత్ర గల పెద్ద మసీదు ఆ వీధిలోనే ఉంది. మగ్రిబ్ నమాజు చేసి బయటికి వస్తే మెట్ల దగ్గరి నుండే పూల అంగళ్ళు మొదలయ్యాయి. ఒక వృద్ధురాలు అరటినారపై మల్లెలు కడుతూ కూర్చుంది. చూపు మా వైపు ఉన్నా వేళ్ళు మాత్రం ఆగడం లేదు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, ఒక మెలిక, ఒక ముడి. ఆ దండ గుడికి వెళుతుంది, పెళ్ళికి వెళుతుంది, ముస్లిం ఇంట నిఖాహ్‌కు కూడా వెళుతుంది. మూరల లెక్కన అమ్ముతున్నది. మనకూ వారికీ ఈ కొలత ఒకటే. మోచేయి నుండి వేలి కొస దాకా మూర. చేయి పొట్టిదైతే మూర కూడా పొట్టిదే. అయినా ఆమె చివరి కొలత తరువాత ఒక జానెడు దండను అదనంగా వదిలి తెంపింది. తూకంలో, కొలతలో తగ్గించి ఇచ్చేవారిని దివ్య ఖుర్ఆన్ ఒక పూర్తి సూరాలో హెచ్చరించింది. నిండుగా కొలిచి, పైన కొంత వదిలే ఈ అలవాటు ఏ పాఠశాల నేర్పినదో గాని, నాకు ఎంతో ముచ్చట వేసింది.

చీకటిలో కోత

మరునాడు నాకు ఆతిథ్యమిచ్చిన ఉపాధ్యాయ మిత్రుడు తిరుమంగళం వైపు ఉన్న ఒక పల్లెకు తీసుకువెళ్ళాడు. దారిలోని చిన్న మసీదులో ఫజ్ర్ నమాజు చేసుకుని తోటకు చేరేసరికి ఇంకా మసక చీకటిగానే ఉంది. కాని పని అప్పటికే సగం అయిపోయింది. నుదుటికి దీపాలు కట్టుకున్న స్త్రీలు పొదల మధ్య వంగి వంగి కదులుతున్నారు. దూరం నుండి చూస్తే మిణుగురులు నేలకు దిగినట్లు ఉంది.

ఇంత చీకటిలో ఎందుకు కోయాలి? మల్లె సాయంత్రం విచ్చుకునే పూవు. మొగ్గ విచ్చాక దానికి అంగడిలో ధర లేదు. కట్టేవారికి, దూరపు ఊళ్ళకు పంపేవారికి కావలసింది మరునాటి దాకా విచ్చని గట్టి మొగ్గ. అందుకే సూర్యుడు పైకి రాకముందే కోసి, తడి గుడ్డ కప్పి మార్కెట్టుకు చేర్చాలి. మాట్టుత్తావణిలోని పూల మార్కెట్టులో ఆలస్యంగా వచ్చిన గంపకు ధర తక్కువ. పొదల్లో పాములుంటాయి, మంచు ఉంటుంది, ముళ్ళ కంపలుంటాయి. అయినా గడియారం ఆగదు.

మదురై మల్లె రేకులు దళసరిగా ఉంటాయి. కాడ పొడవుగా ఉంటుంది. కాడ పొడవుగా ఉన్నందువల్లనే నారపై ముడి గట్టిగా నిలుస్తుంది. రేకు దళసరిగా ఉన్నందువల్ల త్వరగా వాడదు. మదురైతో పాటు దిండిగల్, థేనీ, విరుదునగర్, శివగంగ జిల్లాల ఎర్రనేలలలో కూడా ఇది పండుతుంది. నాటే మొలకలు ఎక్కువగా రామేశ్వరం దీవిలోని తంగచ్చిమడం నర్సరీల నుండి వస్తాయి. నవంబరు నెలాఖరులో కొమ్మలను కత్తిరిస్తారు. మార్చి నుండి పూత పుంజుకుంటుంది. చలికాలంలో పూత తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే సంక్రాంతి, పెళ్ళిళ్ళు వచ్చి ధర ఆకాశాన్ని అంటుతుంది. ఎండాకాలంలో పొదలు విరగబూసినప్పుడు ధర నేలకు దిగుతుంది.

ఈ పూవుకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999లో చేసిన చట్టం ప్రకారం చెన్నైలోని కార్యాలయం ఈ గుర్తింపును ఇస్తుంది. ఫలానా నేలలో పండినదానికే ఫలానా పేరు చెల్లాలన్నది దాని సారాంశం. కర్ణాటకలోని మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలకు కూడా ఇటువంటి గుర్తింపు ఉంది. పేరును కాపాడడానికి చట్టం వచ్చింది. మంచిదే. కాని పేరు వెనుక ఉన్న మనుషుల మాటేమిటి?

మూడు మాటలు

ఆ తోటలో నేను ముగ్గురితో మాట్లాడాను. మిత్రుడు తమిళం నుండి ఉర్దూలోకి మార్చి చెబుతుంటే విన్నాను.

మొదటిది పూలు కోసే ఒక స్త్రీ. ఆమె ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నది. కూలి కిలో లెక్కన ఇస్తారు. ఒక కిలోకు వేల మొగ్గలు కావాలి. ఒక్కొక్క మొగ్గనూ కాడతో సహా గిల్లాలి. చలికాలంలో ధర ఎన్నో రెట్లు పెరిగినా తమ కూలి మాత్రం పెరగదని ఆమె చెప్పింది. పైగా ఆ రోజుల్లో పొదకు నాలుగు మొగ్గలే ఉంటాయి గనుక కిలో నిండదు, కూలి ఇంకా తగ్గుతుంది. అంటే పూవు ఖరీదైన నాడే ఆమె చేతికి తక్కువ డబ్బు వస్తుంది. విచ్చిన మల్లెతోట ఎలా ఉంటుందో చూశారా అని అడిగితే నవ్వింది. సాయంత్రం పూవు విచ్చే వేళకు తాము వంట ముగించి పడుకుంటామని, రాత్రి రెండింటికే లేవాలని అంది. ఇరవై ఏళ్ళుగా మల్లెల మధ్య బ్రతికిన మనిషి మల్లె విచ్చడాన్ని తీరికగా చూడలేదు.

రెండవ వాడు తోట యజమాని. అతడిది ఎకరం లోపు నేల. అతడిని దోషిగా నిలబెట్టడం నాకు న్యాయమనిపించలేదు. మొగ్గ తొలిచే పురుగుకు మందు కొట్టాలి, ఎరువు వేయాలి, నీటికి మోటారు నడపాలి. ధర పడిపోయిన వేసవి దినాలలో అమ్మకం సొమ్ము కోతకూలికి కూడా చాలదు. అటువంటప్పుడు మొగ్గలను పొదపైనే వదిలివేస్తాడు. ఇంటి అవసరానికో, మందుల ఖర్చుకో మార్కెట్టులోని ఏజెంటు దగ్గర ముందుగా డబ్బు తీసుకున్నాడు. ఆ డబ్బు తీరేదాకా పూలను అతనికే వేయాలి. అతను చెప్పిందే ధర. దానిపై కమీషను కోత వేరు.

ఇక్కడ నాకు మా తరగతి గది గుర్తుకు వచ్చింది. ఫిఖ్హ్ గ్రంథాలలో అప్పు అధ్యాయం బోధించేటప్పుడు ప్రతి ఏడాదీ ఒక సూత్రం చెబుతాము. అప్పు ఇచ్చినవాడు ఆ అప్పును అడ్డం పెట్టుకుని లాభం లాగకూడదు. విద్యార్థులు దానిని కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు. ఆ సూత్రం వడ్డీ వ్యాపారిని మాత్రమే ఉద్దేశించినదని అనుకుంటారు. ఈ తోటలో వడ్డీ అన్న మాటే లేదు. కాని బాకీపడ్డ రైతుకు తన పూవును నచ్చినచోట అమ్ముకునే స్వేచ్ఛ లేకుండా పోయింది. ఆ స్వేచ్ఛ విలువే అప్పు ఇచ్చినవాడు పొందే లాభం. ఇటువంటి ఒప్పందాలు పత్తికి, మిరపకు, చేపలకు మన జిల్లాలలో కూడా ఉన్నాయి. మనవాళ్ళలో కూడా ఇచ్చేవారున్నారు, తీసుకునేవారున్నారు. ఖాతాలో వడ్డీ అంకె కనబడకపోవడం ఒక్కటే ఒప్పందం ధర్మబద్ధమని చెప్పడానికి చాలదు.

మూడవది ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక. తల్లితో పాటు చీకటినే లేచి వస్తుంది. ఏడు గంటల దాకా మొగ్గలు కోసి, స్నానం చేసి బడికి వెళుతుంది. ఏ పాఠం ఇష్టమని అడిగాను. లెక్కలు ఇష్టమే గాని అవి మొదటి పీరియడులో ఉంటాయని, అప్పుడు నిద్ర వస్తుందని చెప్పింది. తెల్లవారకముందే తండ్రి టీ అంగడిలో గ్లాసులు కడిగి వచ్చే పిల్లలు, పాలు పోసి వచ్చే పిల్లలు మన బడులలోను, మదరసాలలోను ఉన్నారు. తరగతిలో కునికే పిల్లవాడిని ఎందుకు నిద్రపోతున్నావని అడిగే ముందు, ఎన్ని గంటలకు లేచావని అడగడం ఉపాధ్యాయుని మొదటి విధి అని నేను నమ్ముతాను.

మనకు సంబంధించిన సంగతి

దైవప్రవక్త ముహమ్మద్ (స) సువాసనను ఎంతగానో ఇష్టపడేవారు. ఎవరైనా సుగంధాన్ని కానుకగా ఇస్తే తిరస్కరించేవారు కారు. పరిమళించే మొక్కను ఎవరైనా ఇస్తే కాదనవద్దని, అది మోయడానికి తేలిక, దాని వాసన మనోహరమని బోధించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. ఆ హదీసులో వచ్చే 'రైహాన్' అనే మాట దివ్య ఖుర్ఆన్‌లో కూడా దైవానుగ్రహాలను లెక్కించే చోట వస్తుంది. కనుక పూవును ప్రేమించడం మన ధర్మానికి దూరమైన విషయం కాదు.

అదే దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న గింజ లోపల తడిగా ఉంది. వాన తడిపిందని వ్యాపారి చెప్పినప్పుడు, ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. తూకం పెరగడానికి పూలపై నీళ్ళు గుమ్మరించడం, నిన్నటి మొగ్గలను అడుగున వేసి నేటివి పైన పరచడం ఏ ఊరి పూల మార్కెట్టులో జరిగినా ఈ హదీసు అక్కడికి వర్తిస్తుంది. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని చెప్పిన బోధ కూడా మనకు తెలిసినదే. ఫిఖ్హ్ పండితులు దానికి ముందు మెట్టును కూడా చెప్పారు. పని మొదలు కాకముందే కూలి ఎంతో ఇరువురికీ స్పష్టంగా తెలిసి ఉండాలి. ధర పెరిగిన నాడు కూలిలోనూ కొంత పెంపు ఉంటుందని ముందుగానే మాట్లాడుకుంటే అందులో ఎవరికీ నష్టం లేదు. తిరుగు ప్రయాణంలో మిత్రుడితో ఈ మాటే అన్నాను. తన బంధువులలో కూడా తోటలున్న వారున్నారని, వచ్చే శుక్రవారం వారితో ఈ ప్రస్తావన తెస్తానని అతడు చెప్పాడు. తెచ్చి ఉంటాడనే నా నమ్మకం.

మనం తోటలు లేని వాళ్ళం, కొనుక్కునే వాళ్ళం. మన చేతిలో ఏముంది అని ఇంటి ఇల్లాలు అడగవచ్చు. కొంత ఉంది. వీధి చివర పూలు కట్టే అవ్వ దగ్గర మూరకు అయిదు రూపాయలు తగ్గించమని పట్టుబట్టకపోవడం మన చేతిలో ఉంది. అంత పట్టు పెద్ద అంగడిలో మనం పట్టము గదా! పెళ్ళిలో వేదికంతా పూలతో కప్పి, రాత్రికి రాత్రే వాటిని చెత్తబండికి ఎత్తే దుబారాను తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. సెహ్రా కట్టినవారికి పెళ్ళి హడావిడిలో రేపు రమ్మని చెప్పకుండా, ఆ పూటే డబ్బు ఇచ్చి భోజనం పెట్టి పంపడం మన చేతిలో ఉంది. ఇంట్లో పెద్ద పిల్లలు ఉంటే, ఆ దండలోని ఒక్కొక్క మొగ్గ ఎక్కడి నుండి, ఏ వేళకు, ఎవరి వేళ్ళ మధ్య నుండి వచ్చిందో వారికి చెప్పడం కూడా మన చేతిలోనే ఉంది.

ప్రభుత్వాలు పూవును గౌరవించడానికి బిళ్ళ వేశాయి, చట్టపు గుర్తింపు ఇచ్చాయి. పూవును కోసేవారిని, కట్టేవారిని గౌరవించే పని మాత్రం ఏ కార్యాలయానికీ పూర్తిగా చేతకాదు. అది కొనేవారి గుమ్మం దగ్గర, కూలి లెక్కించే గట్టు మీద, అప్పు రాసుకునే ఖాతాలో జరగవలసిన పని. పరిమళాన్ని ఇష్టపడే హృదయాన్ని మనకిచ్చిన అల్లాహ్, దానిని మన దాకా మోసుకొచ్చే చేతుల హక్కును తీర్చే బుద్ధిని కూడా ప్రసాదించుగాక! ఆమీన్.